ఘనాలో దినపత్రిక, ఎఫ్‌ఎం రేడియో

ఘనాలో దినపత్రికలు ప్రధానంగా ఆంగ్లంలోనే వెలువడతాయి. 1950లో లండన్‌కు చెందిన డైలీ మిర్రర్ సంస్థ ఘనా రాజధాని అక్రాలో ప్రారంభించిన డైలీ గ్రాఫిక్, తరువాత ప్రభుత్వ యాజమాన్యంలోకి వెళ్ళి, నేటికీ ప్రముఖ పత్రికగా కొనసాగుతోంది. దాచుకుని మళ్ళీ చూసుకోగల ఆధారం కావాలంటే రేడియోకంటే పత్రికే మేలు. కానీ ఆంగ్లం చదవలేనివారికి అది అందని ద్రాక్షే.

రేడియో చరిత్ర మరింత ఆసక్తికరం. 1935లో అక్రాలో మొదలైన స్టేషన్ జోయ్ తీగల ద్వారా సుమారు 300 మంది చందాదారులకే వినిపించేది. ఆ తరువాత దాదాపు 60 ఏళ్ళు ప్రసారాలు ప్రభుత్వం గుప్పిట్లోనే ఉన్నాయి. మాధ్యమం స్థాపించడానికి లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం ఉండకూడదని 1992 రాజ్యాంగం చెప్పినా, 1994లో అనుమతి లేకుండా ప్రసారం మొదలుపెట్టిన ‘రేడియో ఐ’ అనే ప్రైవేటు స్టేషన్‌ను అధికారులు మూయించి, పరికరాలను పట్టుకుపోయారు. ఆ రభస జరిగిన మరుసటి ఏడాదే జాయ్ ఎఫ్‌ఎం వంటి ప్రైవేటు స్టేషన్లు గాలిలోకి వచ్చాయి. 1999లో పీస్ ఎఫ్‌ఎం స్థానిక భాషైన అకాన్‌ను ప్రధానంగా చేసుకోవడంతో శ్రోతల పరిధి ఒక్కసారిగా విస్తరించింది.

2001లో నేరపూరిత పరువునష్టం చట్టాన్ని రద్దు చేయడం పత్రికకూ, రేడియోకూ ఊరటనిచ్చింది. నోరు జారే ప్రమాదం మాత్రం, సహజంగానే, రేడియోకే ఎక్కువ.

నా దృష్టిలో విస్తృతిలో రేడియోదే పైచేయి. అయితే ఉదయపు కార్యక్రమాల్లో వ్యాఖ్యాతలు ఆనాటి పత్రికలను ముందు పరచుకుని, ఆంగ్ల శీర్షికలను అకాన్‌లో విడమరిచి, వాటిపై వాదించుకుంటారు. పత్రిక కొననివారికి సైతం అందులోని వార్త అలా చెవిన పడుతుంది.