రోజూ వంటలో కొత్తదనం కావాలంటే: కొత్త వంటకమా, అన్నం మార్చడమా, పులుపు మార్చడమా?

మా ఆవిడ ఉద్యోగానికి పొద్దున్న ఏడున్నర బస్సుకే వెళ్ళాలి. అందుకని ఆరేళ్ళుగా మా ఇంట్లో వంట నాదే. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో అమ్మ, మేమిద్దరం, ఏడో తరగతి చదివే అమ్మాయి. అమ్మకి షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది. ఆవిడ కోసం నూనె, ఉప్పు తగ్గించాలి. అమ్మాయికేమో కంచంలో నిన్నటి రుచే మళ్ళీ తగిలితే ముద్ద దిగదు. ఇద్దరికీ ఒకే వంటతో సరిపెట్టాలని మూడు దారులు పట్టాను. ఒక్కోటీ రెండు మూడు నెలలైనా నడిపి చూశాకే ఇది రాస్తున్నాను.

మొదటిది అందరూ పట్టేదే: ఫోన్లో చూసి కొత్త వంటకాలు చెయ్యడం. కుర్మాలు, పనీర్ కూరలు, ఫ్రైడ్ రైస్, పాస్తా అన్నీ చేశాను. అమ్మాయికి పండగే. నాకూ చెయ్యి తిరిగింది, కాదనను. కానీ ఒక్కో వంటకానికి ఒక్కో సరుకు విడిగా కొనాలి. రెండు చెంచాల క్రీమ్ వాడితే మిగిలిన ప్యాకెట్ ఫ్రిజ్‌లో పాడైపోయేది. నూనె, ఉప్పు చెయ్యి దాటేవి, ఆ కూర అమ్మకి పెట్టలేక మళ్ళీ వేరే చారో పప్పో కాచేవాడిని. పొద్దున్న గంటన్నర పొయ్యి దగ్గరే. ఇంకో లోపం ఆలస్యంగా కనిపెట్టాను: గ్రేవీ ఎక్కువ, కూరగాయ తక్కువ. పళ్ళూ కూరగాయలూ కలిపి మనిషికి రోజుకి 400 గ్రాములైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాలుగు క్యాప్సికమ్ ముక్కలు వేసిన ఫ్రైడ్ రైస్‌తో అది దరిదాపుల్లోకి కూడా రాదు. ఇప్పుడు ఆదివారం ఒక్కపూటకి ఉంచుకున్నాను.

రెండోది అన్నం మార్చడం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మా వీధిలో కూడా కొర్రలు, సామల గురించే మాట. అమ్మ షుగరు కోసం నేనూ మొదలుపెట్టాను. మంచి ఆలోచనే, కానీ మా గోదావరి డెల్టాలో ఇది తేలిగ్గా నిలవదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటి నుంచి ఇది వరి నేల. దేశమంతా పండించే స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధనా కేంద్రంలోనే పుట్టి 1982లో బయటికొచ్చింది. అన్నం మెత్తగా కలిసి ముద్దయితేనే తిన్నట్టుంటుంది మనకి. కొర్రన్నం చల్లారితే పొడిపొడిగా, బిరుసుగా అయిపోతుంది. మూడో వారానికి అమ్మే అడిగింది, "ఒరేయ్, ఒక్కపూటైనా బియ్యం వండరా" అని.

పూర్తిగా మానలేదు. రాత్రిళ్ళు వారానికి రెండుసార్లు కొర్రన్నం, అదీ వేడి మీద, ముక్కల పులుసుతో. పులుసు పీల్చుకుని మెత్తబడుతుంది కాబట్టి ఆ జోడీ కుదిరింది. పొద్దున్న చోడి, అంటే రాగి, అంబలి మజ్జిగ పోసుకుని తాగడం ఇంట్లో అందరికీ అలవాటైంది. చోళ్ళలో సున్నం, అంటే కాల్షియం, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. దంపుడు బియ్యమైతే గంట ముందు నానబోసి, నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తే అమ్మ కూడా అభ్యంతరం చెప్పలేదు. కొర్రలైనా కొలత మించితే షుగరు పెరుగుతుంది, చిరుధాన్యమని కంచం నిండా పెట్టుకోకూడదు. ఆరోగ్యం సంగతి ఇలా సర్దుకుంది. రుచిలో మార్పు మాత్రం రాలేదు. కింద కొర్రలున్నా పైన అదే టమాటా పప్పు, అదే బెండకాయ వేపుడు. అమ్మాయి మూతి ముడుచుకోవడం అలాగే ఉంది.

మూడోది మా అమ్మ వంటలో ఎప్పటి నుంచో ఉన్నదే, నేనే ఆలస్యంగా చూశాను. కూరగాయా పప్పూ అవే ఉంచి, పులుపునీ వండే తీరునీ మార్చడం.

కందిపప్పునే తీసుకోండి. నేను ఏడాదంతా చేసినది టమాటా పప్పు, తోటకూర పప్పు, మళ్ళీ టమాటా పప్పు. అమ్మ లెక్క వేరు. మామిడి పిందెలు గట్టిపడేసరికి మామిడికాయ పప్పు. ఎండలు ముదిరితే చింత చిగురు. వానలు పడ్డాక వాక్కాయ. కార్తీకంలో ఉసిరికాయ, ఆ వెనకే పచ్చి చింతకాయ. ఇవేవీ దొరకని రోజు గోంగూర, చుక్కకూర, నిమ్మకాయ ఉండనే ఉన్నాయి. పప్పు అదే, తాలింపు అదే, కుక్కరూ అదే. కానీ వాక్కాయ పప్పు తిన్న నాలిక చుక్కకూర పప్పుని ఇంకో వంటగానే లెక్కేస్తుంది. వాక్కాయని చీల్చి గింజ తియ్యాలి, తియ్యకపోతే వగరు. కోసేటప్పుడు పాలు కారి కత్తికి జిగురు పడుతుంది, ముందే కాస్త నూనె రాసుకుంటే మేలు. చింత చిగురైతే కత్తి అక్కర్లేదు. ఈనెలు ఏరేసి అరచేతుల మధ్య నలిపి పప్పులో వెయ్యడమే.

తోటకూర పప్పు చేసిన రోజు పులుపు నిమ్మకాయతో ఇస్తే ఇంకో లాభం ఉంది. ఆకుకూరలో ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం చేస్తుంది. అయితే వేడికి ఆ విటమిన్ పోతుంది కాబట్టి రసం పిండేది పప్పు దించాకే.

ఇక తీరు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర్లోనే కాబట్టి మాకు అరటికాయకి కొదవ లేదు. నాకు వేపుడు ఒక్కటే వచ్చేది, దానికి పట్టే నూనె చూస్తే అమ్మకి పెట్టబుద్ధి కాదు. అదే కాయని ఉడికించి, పొడిపొడిగా చిదిపి, అల్లం పచ్చిమిర్చి తాలింపులో వేసి నిమ్మకాయ పిండితే ఒక కూర. చింతపండు పులుసు పోసి ఆవ పెడితే, అంటే నూరిన ఆవాల ముద్ద కలిపితే, ఇంకో కూర. పచ్చికొబ్బరి తురుము, కరివేపాకు వేస్తే మరొకటి. కోనసీమలో కొబ్బరికాయ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. నూనె మూడింటికీ తాలింపుకి సరిపడా చాలు. సొరకాయ, పొట్లకాయలకైతే పాలు పోసిన కూర ఉంది. ముక్క మగ్గాక సన్న మంట మీద అరగ్లాసు పాలు పోసి దగ్గరపడనివ్వాలి, పులుపు మాత్రం తగలకూడదు. కారం తగ్గించుకోవాల్సిన వాళ్ళకి ఇంతకన్నా తేలికైన కూర నాకు తెలీదు.

ఆవ పెట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మొదటిసారి కంద బచ్చలి చేసినప్పుడు ఆవ ముద్ద తీసుకెళ్ళి కుతకుత ఉడుకుతున్న కూరలో వేశాను. కూరంతా చేదు. అమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఆవ మంట మీద వెయ్యకూడదురా. దించి, ఆవిరి తగ్గాక కలపాలి" అంది. ఇప్పుడు చెంచాడు ఆవాలు పావుగంట నానబెట్టి, రెండు ఎండుమిరపకాయలు చేర్చి మెత్తగా నూరుతాను. కంద చెక్కేటప్పుడు చేతులకి నూనె రాసుకుంటాను, లేకపోతే దురద. ముక్కలు చింతపండు పులుసుతో కలిసి ఉడికితే గొంతులో దురద కూడా ఉండదు. కూర దించి, గిన్నె మీద చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లబడ్డాక ఆవ కలిపి మూత పెడతాను. పది నిమిషాలకి మూత తీస్తే ఆ ఘాటు ముక్కుకి సన్నగా తగులుతుంది. అదనపు పనంతా కలిపినా పావుగంటకి మించదు. కంద, అరటికాయ పిండి పదార్థం ఎక్కువున్నవే కాబట్టి ఆ రోజు అమ్మకి అన్నం ఒక గరిటె తగ్గిస్తాను.

నీసు తినేవాళ్ళకీ ఇదే పద్ధతి నడుస్తుంది. చింత చిగురు రొయ్యలు, గోంగూర రొయ్యలు, మామిడికాయ వేసిన చేపల పులుసు. రొయ్యలూ చేపలూ మారలేదు, పులుపే మారింది.

రుచి మారడానికి ఊరగాయ ఉందిగా అంటారు కొందరు. ఊరగాయా, రోటి పచ్చడా అంటే మా ఇంట్లో రోటి పచ్చడే. ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలంటారు, అంటే అన్నిటికీ కలిపి ఒక చిన్న చెంచా. నిలవ ఉండాలి కాబట్టి ఆవకాయలో ఉప్పు తగ్గించడం కుదరదు. ఆ పూటకి నూరుకునే బీరపొట్టు పచ్చడికో, కొబ్బరి మామిడికాయ పచ్చడికో ఉప్పు మన చేతిలో ఉంటుంది, పైగా కూరగాయ కూడా కడుపులోకి వెళ్తుంది. ఆవకాయ మానమని అమ్మకి నేను చెప్పలేను. వారానికి రెండు రోజులకి ఒప్పించాను, అంతే.

మూడిట్లో ఏది మేలంటే, రోజువారీ వంటకి నా ఓటు మూడోదానికే. సరుకులు పెరగవు, ఇంట్లో పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఒకే గిన్నె సరిపోతుంది, ఏ కాలంలో ఏది చవకో దాన్నే పులుపుగా వాడతాం కాబట్టి ఖర్చూ తక్కువ. ఇంట్లో షుగరు ఉంటే రెండోది దానికి తోడు చేసుకోండి, అదీ రోజుకి ఒక్కపూటతో మొదలుపెట్టండి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం పప్పు, ఆకుకూరల కొలత డాక్టరుని అడిగాకే. పట్నంలో అద్దె ఇంట్లో ఉంటూ వాక్కాయ, చింత చిగురు దొరకనివాళ్ళు టమాటా, నిమ్మ, గోంగూర, చుక్కకూర, ఈ నాలుగూ వంతులేసుకున్నా వారం గడిచిపోతుంది. ఆవాలు ఎలాగూ ప్రతి ఇంటి పోపుల డబ్బాలో ఉంటాయి.