1964 బ్రెజిల్: ఈ రెండు సినిమాల్లో ముందు ఏది చూడాలి?

1964 మేలో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవం పోటీకి బ్రెజిల్ నుంచి వెళ్లిన ‘వీదాస్ సేకాస్’, ‘బ్లాక్ గాడ్, వైట్ డెవిల్’ సినిమాలు రెండింటిదీ ఒకే నేల: ఈశాన్యాన ఉన్న కరువు సీమ సెర్తావ్. దేశంలో సైన్యం అధికారం లాక్కుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

నెల్సన్ పెరేరా దోస్ సాంతోస్ తీసిన ‘వీదాస్ సేకాస్’కు గ్రాసిలియానో రామోస్ 1938లో రాసిన నవల ఆధారం. బతుకుదెరువు వెతుక్కుంటూ నడిచే ఒక కుటుంబం, వాళ్ల కుక్క బలేయా. మాటలు చాలా తక్కువ. సంగీతం చోట ఎడ్లబండి చక్రం కిర్రుమనే మోత. కెమెరామన్ లూయిస్ కార్లోస్ బరేతో ఎండ తీవ్రతను తగ్గించే లెన్స్ ఫిల్టర్లు లేకుండా తీశాడు. ఆ ఎండకు చూసేవాళ్ల కళ్లే చెదురుతాయి. బలేయా చివరి సన్నివేశం తట్టుకోవడం నిజంగా కష్టం.

గ్లాబెర్ రోషా ‘బ్లాక్ గాడ్, వైట్ డెవిల్’ దీనికి పూర్తిగా వేరు. మోసం చేసిన యజమానిని చంపిన పశువుల కాపరి మొదట ఒక మత బోధకుడి వెంట, తర్వాత ఒక బందిపోటు వెంట నడుస్తాడు. పాటగాడి కథనం, బ్రెజిల్ స్వరకర్త విల్లా-లోబోస్ సంగీతం, ఊగిపోయే కెమెరా. అప్పటికి రోషా వయసు 25 ఏళ్లే! బోధకుడి భాగం కాస్త సాగుతుంది, ఓపిక పట్టాలి.

నా ఓటు ముందు ‘వీదాస్ సేకాస్’కే. ఆ ఆకలిని దగ్గరగా చూశాక రోషా పాత్రల కోపం ఎక్కడిదో తేలిగ్గా అర్థమవుతుంది.