పాత తెలుగు పుస్తకాలకి ఆర్కైవా, వికీసోర్సా?

పాత తెలుగు పుస్తకాలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయని అడిగిన వాళ్లందరికీ ఇన్నాళ్లూ ఇంటర్నెట్ ఆర్కైవ్ (పాత పుస్తకాల స్కాన్లు ఉచితంగా దొరికే సైటు) లింకు పంపి ఊరుకునేవాణ్ణి. ఈమధ్య అమ్మ ఫోన్‌లోకి నాలుగు పుస్తకాలు ఎక్కించాల్సి వచ్చాక నా సలహా మారింది.

ఎన్ని పుస్తకాలున్నాయని చూస్తే ఆర్కైవ్‌కి పోటీ లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత సైటు మూతపడ్డా, అక్కడి స్కాన్లు ఇక్కడ బతికే ఉన్నాయి. (ఆ స్కానింగ్ పని వెనకున్న మిలియన్ బుక్స్ ప్రాజెక్టుని నడిపించిన వాళ్లలో మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారొకరు.) చిక్కంతా వెతకడంలోనే. చాలా పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసినవి. 'ఆత్మచరిత్రము' కావాలంటే ఆత్మలో టీ పక్కన హెచ్ పెట్టారో లేదో, రెండు మాటలూ కలిపారో విడగొట్టారో మనమే ఊహించాలి. తీరా దొరికాక మధ్యలో ఓ పేజీ ఉండకపోవచ్చు. అందుకే దించుకోగానే చివరిదాకా ఒకసారి తిప్పి చూసుకోండి.

నా లెక్కలో అసలు విషయం ఫోన్‌లో చదవడం. స్కాన్ పేజీని పెద్దది చేస్తే లైను సగం తెర బయటికి పోతుంది. ప్రతి లైనుకీ వేలితో అటూ ఇటూ జరపాలి. అమ్మ రెండు పేజీలకే ఫోన్ పక్కన పెట్టేసింది. వికీపీడియా కుటుంబంలోని ఉచిత పుస్తకాల సైటు వికీసోర్స్‌లో అయితే స్కాన్‌ని పక్కన పెట్టుకుని వాలంటీర్లు అక్షరాలు సరిచూస్తారు. ఈపబ్ (ఈ-బుక్ ఫైలు)గా దించుకుంటే అక్షరం ఎంత పెంచినా లైను తెరకి తగ్గట్టు సర్దుకుంటుంది. తెలుగులోనే వెతకొచ్చు కూడా. దించుకునే ముందు పేజీల రంగులు చూడండి: ఎరుపంటే ఇంకా దిద్దలేదు, పసుపంటే ఒకరు దిద్దారు, ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా చూశారు. ఎరుపు ఎక్కువుంటే అచ్చుతప్పులకి సిద్ధపడాల్సిందే.

వికీసోర్స్‌లో పుస్తకాలు తక్కువన్నది మాత్రం నిజం. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది కాబట్టి నిన్నమొన్నటి నవలల కోసం అక్కడ వెతకడం దండగ.

ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల నేషనల్ డిజిటల్ లైబ్రరీ చదువుకునే పిల్లలకి పనికొస్తుంది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే సైటు ఇంగ్లిషు క్లాసిక్స్‌కి.

ఇప్పుడు నేను ముందు వికీసోర్స్‌లో చూసి, లేకపోతేనే ఆర్కైవ్‌కి వెళ్తున్నాను, అదీ ట్యాబ్‌లో చదివేదైతేనే. అమ్మ రెండో పుస్తకంలో ఉంది. నేను పెట్టిన ఫాంటు సైజు చాలలేదని తనే ఇంకాస్త పెంచుకుంది.