వరుస అడిగిన ల్యాబ్

ఆటోనగర్‌లో మాది పౌడర్ కోటింగ్ షాపు, అంటే లోహం మీద పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చి పూత పట్టిస్తాం. హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీకి వేసిచ్చిన గేట్లు నాలుగు నెలలకే పొక్కులు లేచి తిరిగొచ్చాయి. ఆ టెన్షన్‌లో గాజువాకలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌కి వెళ్లాను.

మేం పరీక్ష చేయకుండా పని మొదలుపెట్టలేదు. ఓవెన్‌లో 20 నిమిషాలు ఉంచి 180, 200 డిగ్రీలు పోల్చాం, తేడా లేదు. 200 దగ్గర 10, 20 నిమిషాలు పోల్చాం, అప్పుడూ లేదు. గ్యాస్ మిగులుతుందని రెండూ తగ్గించేశాం. కానీ 180 దగ్గర 10 నిమిషాలు అనే జోడీని ఒక్కసారి కూడా వేసి చూడలేదు! ల్యాబ్‌లో అమ్మాయి కాగితం మీద నాలుగు గళ్లు గీసి ఖాళీ గడి చూపించేదాకా నాకు తట్టలేదు.

తర్వాత "ప్యానెళ్లు (పరీక్షకి పూత వేసిన రేకులు) ఏ వరుసలో వేశారండీ?" అని అడిగింది. 180వి అన్నీ పొద్దున, 200వి అన్నీ మధ్యాహ్నం. పూతకి ముందు రేకుల్ని ముంచే ఫాస్ఫేట్ తొట్టి బలం మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఇక తేడా నిజంగానే లేదో, వేడి తేడాని తొట్టి కప్పేసిందో ఎలా తెలుస్తుంది?

వేడి, సమయం, పూత మందం కలిపి 8 జోడీలు, ఒక్కోటి రెండేసి ప్యానెళ్లు, చీటీలు తీసి వరుస పెట్టించింది. 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటి పొగలో 500 గంటలు ఉంచారు. 180, 10 నిమిషాల ప్యానెళ్లకే, పరీక్ష కోసం పూత మీద గీసిన గీత కింద తుప్పు పాకింది. పూత 60 మైక్రాన్ల నుంచి 80కి పెంచినా ఆగలేదు. మందం వేస్తే చాలని నేను ఇన్నేళ్లూ నమ్మాను.

ఇలా రెండేసి స్థాయిల్లో ఏడు అంశాలైతే 128 జోడీలు కావాలి. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1940లలో కనిపెట్టిన ఆర్థోగోనల్ ఎర్రేలతో (ఏ జోడీలు వేస్తే చాలో చూపే పట్టికలు) ఎనిమిదింటితోనే విడివిడి ప్రభావాలు చూడొచ్చట. అయితే రెండు అంశాలు కలిసి చూపే ప్రభావం ఆ విడి ప్రభావాల్లో కలిసిపోతుందని ఆమే హెచ్చరించింది. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

రిపోర్టు నాలుగు రోజులు ఆలస్యమైంది. చీటీల వరుసకి ఓవెన్ పదేపదే చల్లార్చాల్సి వచ్చి రోజున్నర పని ఆగింది, అది ముందే చెప్పాల్సింది. వెళ్లేవాళ్లు ఏ ప్యానెల్ ఎప్పుడు వేశారో రాసి పట్టుకెళ్లండి, ఆ కాగితం లేదని నన్ను మొదటిసారి వెనక్కి పంపారు.