కర్నూలు సి.క్యాంపు దగ్గర జొన్నరొట్టెల బండి, చిన్నపిల్ల ఉన్న ఇంటివాళ్ళ కోసం ఈ రివ్యూ

2025 నవంబర్ 10 అయిపోయింది కాబట్టి ఇప్పుడు కూచొని రాస్తున్నా. నేను ఆడిటర్ ఆఫీసులో పని చేస్తా, మామూలుగా మాకు సెప్టెంబర్ 30 అంటే గండం, ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులన్నీ ఆ రోజుకు అప్‌లోడ్ అయిపోవాల, ఈ ఏడు ఆ గడువు మొదట అక్టోబర్ 31కి జరిపినారు, మళ్ళీ నవంబర్ 10కి జరిపినారు, గడువు జరిగినప్పుడల్లా క్లయింట్లు పేపర్లు తెచ్చిచ్చేదీ జరిగింది, మేం ఇంటికి పోయే టైమూ జరిగింది. ఈ రెండు మూడు నెలలు మా ఇంట్లో రాత్రి అన్నం సమయానికి జరిగిందంటే దానికి కారణం సి.క్యాంపు రైతుబజారు దగ్గర ఒక సందు మొదట్లో ఉండే జొన్నరొట్టెల బండి. బోర్డు లేదు, పేరు లేదు, అందుకే ఎవరూ రివ్యూ రాయరు, నేనన్నా రాయాలనిపించింది.

మా ఇంటి సంగతి ముందు చెప్తా, లేకుంటే ఈ బండి ఎందుకంత ముఖ్యమో అర్థం కాదు. మా ఆవిడ స్టాఫ్ నర్సు. పొద్దున షిఫ్టు పడితే మధ్యాహ్నం 2 దాటినాక వస్తది, మధ్యాహ్నం షిఫ్టయితే రాత్రి 8 దాటుతది, నైటు పడితే మేము ఇంట్లోకి వచ్చేటప్పటికి తను చెప్పులేసుకుంటా ఉంటది. పాపకు నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. బడి వదిలినాక ఆటో అన్న డేకేర్ దగ్గర దించుతాడు, సాయంత్రం 6:30 లోపల నేను పోయి తెచ్చుకోవాల, లేటయితే అక్కడి ఆయమ్మ ఏమీ అనదు గానీ పాప బ్యాగు తగిలించుకొని గేటు కమ్మీలు పట్టుకొని నిలబడి ఉంటది, అది చూస్తే నాకు ప్రాణం ఒప్పదు. తెచ్చుకున్నాక 8:30కి నిద్ర ముంచుకొస్తది. అంటే ఉన్నది రెండు గంటలు, అందులోనే స్నానం, హోమ్‌వర్కు, అన్నం, కొంచెం ఆట. కుక్కరు పెట్టి కూర తరిగేటప్పటికి అందులో గంట పోతది, పాప టీవీ ముందు కూచుంటది, నాకు దిగులేస్తది.

సెప్టెంబర్లో ఒక రాత్రి ఫోన్లో ఆర్డర్ పెట్టినా. ఇరవై ఐదు నిమిషాలు అని చూపించింది, గంటా పది నిమిషాలకు వచ్చింది, పరోటాలు నూనెలో తేలుతున్నాయి, అప్పటికి పాప సోఫాలోనే నిద్రపోయింది. లేపితే ఏడ్చింది, పాలు తాపి పండుకోబెట్టినా. ఆ రాత్రి ఆవిడ డ్యూటీ నుంచి ఫోన్ చేసి పాప తిన్నదా అనడిగితే తిన్నదని అబద్ధం చెప్పినా. అదింకా మనసులో ఉంది.

ఆ మరుసటి రోజే ఆఫీసులో ఒక అన్న చెప్పినాడు ఈ బండి గురించి.

అత్తాకోడళ్ళు ఇద్దరూ నడుపుతారు. సాయంత్రం అయిదున్నరకు మొదలు, తొమ్మిదికి అయిపోతది, పిండి అయిపోతే ఎనిమిదికే మూసేస్తారు. రెండు ఇనుప పెనాలు, కింద కట్టెల పొయ్యి. అత్త కూచొని రొట్టె కొడతది, కోడలు పెనం చూసుకుంటా లెక్కలు చూసుకుంటది. నేను మొదటి రోజే గమనించింది ఏందంటే అత్త డబ్బులు అస్సలు ముట్టుకోదు, పిండి చేత్తో చిల్లర తీసుకోదు, ఫోన్‌పేనా క్యాషా అంతా కోడలే, ఆమె కూడా నోట్లు తీసుకున్నాక చెయ్యి కడిగే పెనం దగ్గరికొస్తది. పిండి కలిపేది క్యాన్ నీళ్ళతోనే. మా ఆవిడ ఇట్లాంటివి చాలా పట్టించుకుంటది, ఒకరోజు తనే వచ్చి పదినిమిషాలు నిలబడి చూసి, సరే, పాపకు పెట్టొచ్చు అనింది. మా ఇంట్లో దీనికంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

రొట్టె గురించి చెప్పాలంటే, నేను కోడుమూరు పక్క పల్లెలో జొన్నరొట్టెలు తిని పెరిగినోణ్ణి, అమ్మ కొట్టిన రొట్టె రుచి నోట్లో ఉంది కాబట్టి ఊరికే మెచ్చుకోను. ఇక్కడ రొట్టె పల్చగా, అంచు దాకా ఒకే మందంలో ఉంటది, పెనం మీద వేసినాక పైన తడిగుడ్డతో ఒకసారి తుడుస్తది, ఆ తడి ఆరేలోపల తిప్పాల, తిప్పినాక పొంగుతది, పొంగితే రెండు పొరలవుతది. పిండి పాతబడితే జొన్నకు చేదొస్తది, అంచులు కూడా పగుళ్ళిస్తాయి, కర్నూల్లో రెండు మూడు చోట్ల ఆ చేదు తగిలి వదిలేసినా. ఇక్కడ అది ఒక్కరోజు కూడా రాలేదు. అడిగితే కోడలు చెప్పింది, జొన్నలు ఊరి నుంచి తెచ్చుకుంటామన్నా, రెండు దినాలకొకసారి మిషన్లో పట్టిస్తాం, ఒకేసారి పట్టిస్తే చౌకే గానీ రొట్టె బాగ రాదు అని.

మెత్తటివి, గట్టివి రెండూ ఉంటాయి. గట్టివంటే పొయ్యి పక్కన నిలబెట్టి కరకరా ఎండబెట్టినవి, అవి మా నాన్నకు తీసుకుంటా, వారం రోజులున్నా చెడిపోవు.

ఇక అసలు సంగతి. మా పాప కూర కలిపితే తినదు, పచ్చిమిరపకాయ కనబడితే ప్లేటు తోసేస్తది. మొదటి రోజు బండి దగ్గర నా పక్కన నిలబడి ఆమె రొట్టె కొట్టేది కళ్ళార్పకుండా చూసింది, టపటపా శబ్దం వస్తాంటే చేతులు ఊపింది. పెద్దామె చూసి, "ఏమ్మా, నువ్వు కొడతావా" అని నిమ్మకాయంత పిండిముద్ద తీసి ఒక చెక్కపీట మీద పెట్టింది, పాపకు చేతులు కడిగించి పక్కన కూచోబెట్టుకుంది. పాప రెండు చేతులతో అదిమింది, గుండ్రం రాలేదు, ఒక పక్క చెవి లాగ వచ్చింది, అయినా ఆమె దాన్ని అట్లనే పెనం మీద వేసి కాల్చి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. ఇంటికి పోయినాక ఆ రొట్టె పాప మొత్తం తినింది, నేను చేసిన రొట్టె, నేను చేసిన రొట్టె అని వాళ్ళమ్మకు వీడియో కాల్లో చూపించుకుంటా తినింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం గేటు దగ్గర నన్ను చూడంగానే అడిగేది ఒకటే, అవ్వ దగ్గరికి పోదామా నాన్నా అని. వాళ్ళ సొంత అవ్వ ఊళ్ళో ఉంది, నెలకొకసారి చూస్తాం, ఈ అవ్వ దగ్గర రోజూ పది నిమిషాలు కూచుంటది. అంత రష్‌లో కూడా ఆమె ఒక్కనాడు విసుక్కోలేదు.

కూరల్లో రోజూ ఒక పప్పు ఉంటది, ఆకుకూర పప్పో పెసరపప్పో, దాంతో పాటు వంకాయ లేకుంటే గోరుచిక్కుడు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశెనగ పచ్చడి), ఎర్రకారం. ఊరుబిండి రోట్లో దంచిందే, పలుకులు పంటికి తగులుతాయి, పెద్దోళ్ళకు బ్రహ్మాండం, పిల్లలకు మాత్రం వద్దు, మన సీమ కారమే అది, నాకే కళ్ళల్లో నీళ్ళొస్తాయి. పాపకు పప్పే. ఒకసారి కారం ఎక్కువైందని చెప్తే, అప్పటి నుంచి తాలింపులో మిరపకాయలు వేసేముందే ఒక గరిటె పప్పు చిన్న గిన్నెలో తీసి పక్కన పెడుతుంది కోడలు, మా పాపకు ఒక్కదానికే కాదు, ఇంకా ముగ్గురు నలుగురు పిల్లలు వస్తారు కదా, వాళ్ళందరికీ. ఏడుంబావు దాటితే ఆ గిన్నె ఖాళీ, అది గుర్తుపెట్టుకోండి. ఉల్లిగడ్డ ముక్కలు అడగకుండానే గుప్పెడు వేస్తారు, 2025లో మన కర్నూలు ఉల్లికి ధర పడిపోయి గవర్నమెంటే క్వింటా 1200కి కొన్నది కదా, ఆ ముక్కలు చూసినప్పుడల్లా ఊళ్ళో మా చిన్నాన్న పొలం గుర్తొస్తది.

2025 నవంబర్లో రేటు రొట్టె 15, పప్పు 30, కూర 40, ఊరుబిండి 20. మా ముగ్గురికి కలిపి 150 లోపలే అయిపోతది.

దసరాకు జరిగింది ఒకటి చెప్పాల. అక్టోబర్ 2 పండగ, ఆ రాత్రి దేవరగట్టులో బన్ని, అంటే కట్టెలతో కొట్టుకునే ఉత్సవం, ఉంటది కదా, మెడికల్ క్యాంపు డ్యూటీ ఈసారి మా ఆవిడకు పడింది, పొద్దున్నే బస్సెక్కి హొళగుంద పక్కకి పోయింది. బండి పండగ రోజు ఉండదని ముందురోజే తెలుసు, కోడలిని అడిగి కిలో పిండి కొనుక్కున్నా. ఆమె పిండి కవర్లో పోస్తా, "నీళ్ళు బాగ తెర్లల్ల అన్నా, తెర్లినాకనే పిండిలో పోసి కలబెట్టల్ల, చన్నీళ్ళు పోస్తే ఇరిగిపోతది" అని రెండుసార్లు చెప్పింది. గోధుమలో సాగే గ్లూటెన్ ఉంటది, జొన్నలో అది లేదు, అందుకే ఉడుకునీళ్ళకు పిండి గంజిలాగ ఉడికితేనే ఒకదాన్నొకటి పట్టుకుంటది. ఇది నాకు ఇన్నేళ్ళూ తెలియదు, అమ్మ చేస్తాంటే తినడమే గానీ ఎట్ల చేస్తదో ఎప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం నేనూ పాపా కలిసి నాలుగు రొట్టెలు కొట్టినాం, అంచులు చీలినాయి, ముక్కలు చేసి వేడి పాలల్లో బెల్లం వేసి నానబెట్టినా, మా అమ్మ నాకు జ్వరమొచ్చినప్పుడు అట్లనే పెట్టేది, పాప గిన్నె ఖాళీ చేసింది. రాత్రంతా వీధిలో డప్పులు, పాప నా పక్కన నిద్ర, నాకు నిద్ర లేదు, దేవరగట్టులో కట్టెల దెబ్బలు తగిలినోళ్ళకు తను కుట్లు వేస్తాంటదేమో అనుకుంటా తెల్లారేదాకా ఫోన్ చూసుకుంటా కూచున్నా. పొద్దున తను వచ్చి మిగిలిన ఒక రొట్టె ఎర్రకారంతో తిని పడుకుంది.

బాగలేనివి కూడా చెప్పాల. వేడి పప్పు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి కట్టిస్తారు, చిన్నపిల్లకు అందులోది పెట్టాలంటే నాకు భయం. చెప్తే కోడలు, అందరూ కవరే అడుగుతారన్నా అనింది. నేనిప్పుడు బైకు డిక్కీలో రెండు గిన్నెల స్టీలు క్యారియర్ పెట్టుకుంటా, గిన్నె తెచ్చినోళ్ళకు ఒక గరిటె ఎక్కువే వేస్తది. మీరు పోతే మీరూ గిన్నె పట్టుకపోండి. రొట్టెలకు పేపరు బదులు ఇంటి నుంచి నూలు గుడ్డ తీసుకపోతే గంటసేపు మెత్తగా ఉంటాయి, హాట్‌బాక్సులో పెడితే ఆవిరికి చెమట పట్టి మెత్తబడి అతుక్కపోతాయి, నేను రెండుసార్లు పాడు చేసినా.

మరుసటి రోజు బడి బాక్సుకు ఈ రొట్టె పనికిరాదు. చల్లారితే గట్టిపడతది, చిన్నపిల్లల పళ్ళకు కష్టం. ఒకసారి పెట్టి పంపితే అట్లనే తిరిగొచ్చింది. బాక్సుకు ఇడ్లీయో నిమ్మకాయ అన్నమో వేరే చూసుకోవాల్సిందే.

నిలబడే చోటు ఇరుకు. ఏడు నుంచి ఎనిమిది దాకా లైను, ఒక్కో రొట్టె చేత్తో కొట్టాల కాబట్టి పది రొట్టెలు చెప్పినోళ్ళు ముందుంటే మీకు ఇరవై నిమిషాలు. ఫోన్లో చెప్తే పక్కన పెట్టరు, వచ్చినోళ్ళకే. బైకులు సందులోంచి స్పీడుగా దూరుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. పక్కన మోరీ ఉంది, వానాకాలం దోమలు కుడతాయి, పాపకు నేను ఫుల్ ప్యాంటు వేసే తీసుకపోతా. పెద్ద వానొస్తే బండి రాదు, అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానలకు మూడు రోజులు లేదు, అప్పుడే పాపకు జలుబు, మా ఆవిడకు నైటు, మా ఆఫీసులో 31 గడువు అనుకొని పరుగు, ఆ మూడు రోజులు గడిచేటప్పటికి నా పని అయిపోయింది. నాలుగో రోజు పొగ కనబడితే పాప బైకు మీద నుంచే అవ్వా అని అరిచింది.

కార్తీక సోమవారాలు మా ఆవిడ ఒక్కపొద్దు ఉంటది, ఆ రోజు ఉల్లి వెల్లుల్లి లేకుండా పప్పు కావాలని ముందు రోజు చెప్తే చేసిపెట్టినారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. కార్తీకంలో అట్లా కావాల్సినోళ్ళు ఆదివారం సాయంత్రమే చెప్పుకోండి. సెలవంటూ వారంలో ఒక రోజు లేదు, పండగలకు మాత్రం మూస్తారు.

జొన్నలు మంచివని 2023లో మిల్లెట్ల సంవత్సరమప్పుడు అందరూ చెప్పినారు, వంద గ్రాముల్లో పది గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటది, పీచు ఉంటది, నిజమే, కానీ మా పాప తినేది అందుకు కాదు.

పిల్లలతో పోయేవాళ్ళు ఆరున్నర, ఏడు మధ్యలో పోండి, గిన్నె, గుడ్డ తీసుకపోండి, రొట్టె చెప్పేముందే "పాపకు మెత్తగా, కారం లేని పప్పు" అని చెప్పండి. రద్దీ లేకుంటే పెద్దామెనే పీట పక్కకు జరిపి పిండిముద్ద పెడుతుంది. నిన్న సాయంత్రం పాప కొట్టింది దాదాపు గుండ్రంగా వచ్చింది, ఇంటికొచ్చి సగం వాళ్ళమ్మకని దాచిపెట్టింది.