పేద పిల్లల చదువుకి ఏది మేలు: బడికి డబ్బా, మంచి బడి దగ్గర ఇల్లా?

అమెరికాలో మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) రెండూ చేసి చూసింది. పేద పిల్లలు ఎక్కువున్న బడులను రెడ్ జోన్‌గా గుర్తించి అదనంగా నిధులిచ్చింది: క్లాసులో తక్కువ మంది పిల్లలు, ఫుల్‌డే కిండర్‌గార్టెన్, టీచర్లకు ట్రైనింగ్. మంచి పనే.

రెండోది 1974 నాటి జోనింగ్ చట్టం, అంటే ఎక్కడ ఏం కట్టాలో చెప్పే చట్టం. పెద్ద లేఅవుట్ వేసే బిల్డర్ కొన్ని ఇళ్లు తక్కువ ధరకి ఇచ్చి తీరాలి, వాటిలో మూడో వంతు దాకా కౌంటీ హౌసింగ్ సంస్థ కొని పేద కుటుంబాలకు అద్దెకివ్వొచ్చు. అంటే ఉన్నవాళ్ల పిల్లలతో పాటే అదే వీధి, అదే స్కూల్ బస్సు, అదే క్లాసు.

2010లో పరిశోధకురాలు హీథర్ ష్వార్ట్జ్ పబ్లిక్ హౌసింగ్‌లో, అంటే ఇలా కౌంటీ సంస్థ అద్దెకిచ్చిన ఇళ్లలో ఉన్న సుమారు 850 మంది పిల్లల మార్కులు పరిశీలించారు. ఎవరికి ఏ ఇల్లో దాదాపు లాటరీయే, కాబట్టి పోలిక నమ్మదగ్గది. అదనపు నిధులున్న బడుల్లో చదివినవాళ్ల కంటే, పేదరికం తక్కువున్న బడుల్లో చదివినవాళ్లే బాగా ముందుకెళ్లారు. ఎలిమెంటరీ పూర్తయ్యేసరికి లెక్కల్లో ఉన్నవాళ్ల పిల్లలతో వీళ్లకున్న తేడా సగానికి తగ్గింది.

నా ఓటు ఇంటికే. కాకపోతే ఇళ్లు కట్టేదాకా పిల్లల చదువు ఆగదు కదా, అందుకే పేద పిల్లలు ఎక్కువున్న బడుల నిధుల్లో ఒక్క డాలర్ కూడా కోయకూడదు. ఇంకోటి, మొదట్లో ధర మీద కట్టడి ఐదేళ్లే పెట్టారు, ఆ గడువు దాటాక ఇళ్లు మార్కెట్ రేటుకే అమ్ముడుపోయాయి. 2005లో గానీ దాన్ని ముప్పై ఏళ్లకు పెంచలేదు.