అసకుసలో బిజినెస్ హోటల్ బస: గది, భోజనం, పరిసరాలు

టోక్యోలో బస వెతుక్కునే మనవాళ్ళు సాధారణంగా ముందు గది ఫొటోలు చూస్తారు, తర్వాత అద్దె చూస్తారు, ఆ హోటల్ ఏ పేటలో ఉందన్న సంగతి చివరికి గాని పట్టించుకోరు. మా అమ్మతో కలిసి టోక్యోలోని అసకుస పేటలో ఒక బిజినెస్ హోటల్‌లో (సామాన్యమైన అద్దెకు చిన్న గదులిచ్చే హోటల్) ఉండి వచ్చాక ఈ వరుసను తిరగవేయాలన్న అభిప్రాయం నాకు గట్టిగా ఏర్పడింది. ఆ నగరంలో సామాన్యమైన అద్దెకు దొరికే గది ఏ పేటలోనైనా ఇరుకే. ఆ ఇరుకు మనల్ని బాధిస్తుందా లేదా అన్నది, గది తలుపు వేసి వీధిలోకి దిగగానే ఏముందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మేము దిగిన హోటల్ గింజా లైన్ మెట్రోలోని తవరామాచి స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పక్క సందులో ఉంది. బిజినెస్ హోటళ్ళు జపాన్ అంతటా ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి, ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు చాలావరకు ఆ తరహా హోటల్ దేనికైనా వర్తిస్తాయి. గది మధ్యాహ్నం మూడు గంటలకు గాని ఇవ్వరు, ఎంత అడిగినా ఆ నియమం సడలదు. అయితే ఉదయమే చేరినా సామాను తీసుకుని, పెట్టెకు ఒక చీటీ కట్టి, రెండో ముక్క మన చేతిలో పెట్టి భద్రంగా దాస్తారు. జపాన్‌లో నివాసం లేని విదేశీయుల పాస్‌పోర్టు నకలు తీసుకోవడం అక్కడి చట్టం ప్రకారం హోటల్ బాధ్యత కనుక, కౌంటర్‌లో దాన్ని అడిగితే అనుమానిస్తున్నారని అనుకోనక్కర్లేదు. పళ్ళు తోముకునే బ్రష్షు, దువ్వెన, టీ పొట్లాలు వంటివి గదిలో ఉండవు. లిఫ్ట్ పక్కన అరల్లో పెట్టి ఉంచుతారు, కావలసినన్ని మనమే తీసుకుని పైకి వెళ్ళాలి.

గదిలో రెండు మంచాలు, గోడకు ఆనించిన సన్నటి బల్ల, ఒక చిన్న ఫ్రిజ్, నీళ్ళు కాచుకునే కెటిల్ ఉన్నాయి. రెండు పెద్ద పెట్టెలు ఒకేసారి తెరవడానికి చోటు లేదు. ఒకటి మంచం కిందికి నెట్టి, రెండోది తలుపు దగ్గర తెరుచుకోవలసి వచ్చింది. బీరువాకు బదులు గోడకు కొక్కేలు ఉన్నాయి. కిటికీ బయట పక్క భవనం గోడ తప్ప మరేమీ కనబడదు. ఇంత చిన్న గదిలోనూ శుభ్రతకు మాత్రం వంక పెట్టలేము. మంచం కింద కూడా దుమ్ము లేదు, దుప్పట్లకు ఉతికిన వాసన తప్ప మరో వాసన లేదు.

స్నానాల గది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోడలు, నేల, తొట్టె అన్నీ అతుకులు కనబడకుండా ఒకే పెట్టెలా అమర్చిన ఈ గదిని అక్కడ యూనిట్ బాత్ అంటారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ముందు హోటల్ న్యూ ఒటానిని కడుతున్నప్పుడు, వెయ్యికి పైగా గదులకు విడివిడిగా స్నానాల గదులు కట్టేంత వ్యవధి లేక, టోటో సంస్థ వాటిని ముందే కర్మాగారంలో తయారుచేసి తెచ్చి బిగించే పద్ధతిని రూపొందించింది. తర్వాత అది దేశమంతా పాకింది. పొడవైనవాళ్ళకు మోచేతులు గోడలకు తగులుతాయి గాని, ఒక్క చుక్క నీరు బయటికి రాదు. మరుగుదొడ్డిలో నీళ్ళు చిమ్మే అమరిక ఉండటం వల్ల, ఐరోపాలో మనవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది ఇక్కడ లేదు. పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళేవారికి ఇది చిన్న విషయం కాదు.

పై అంతస్తులో అందరూ కలిసి స్నానం చేసే పెద్ద తొట్టె ఉంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేర్వేరుగా ఉంటుంది, ఆడవాళ్ళ వైపు తలుపుకు అంకెల తాళం ఉంటుంది. బట్టలన్నీ విప్పి నలుగురి మధ్య స్నానమంటే అమ్మ ససేమిరా అన్నారు. చివరికి ఒక రాత్రి బాగా పొద్దుపోయాక, ఎవరూ ఉండరని చెప్పి తీసుకువెళ్ళాను. లోపల ఒకే ఒక పెద్దావిడ ఉన్నారు. మాకు పద్ధతి తెలియదని గ్రహించి, ముందు కురచ పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకోవాలని, చేతి తువ్వాలు నీళ్ళలో ముంచకూడదని సైగలతోనే చెప్పి, తన తువ్వాలును నాలుగు మడతలు పెట్టి నెత్తి మీద ఎలా ఉంచుకోవాలో చూపించారు. వేడి నీళ్ళలో మెడ దాకా దిగాక అమ్మ ముఖంలో బిగువు సడలింది. మర్నాటి నుంచి ఆ సమయానికి ఆవిడే ముందుగా తువ్వాలు తీసుకుని సిద్ధమయ్యేవారు. రోజంతా నడిచిన కాళ్ళకు దాన్ని మించిన సేవ ఏ హోటలూ చేయలేదని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. పొగ తాగనివారి గది తీసుకున్నా, మొదటి రాత్రి గాలి గొట్టంలోంచి సిగరెట్ వాసన వచ్చింది. చెప్పిన వెంటనే మరో అంతస్తులో గది ఇచ్చారు, కానీ అది అడిగితే గాని జరగలేదు. అంతకంటే పెద్ద లోపం ఉదయపు ఫలహారంలో ఉంది. వంటకాల ముందు పేర్లు ఉన్నాయి గాని వాటిలో ఏమేమి కలిశాయో రాయలేదు. మిసో సూప్‌లో కంటికి టోఫు, ఆకుకూర మాత్రమే కనబడతాయి, కానీ ఆ చారు సాధారణంగా ఎండు చేప రసంతో మొదలవుతుంది. ఉడికించిన ఆకుకూర మీద పొట్టులా చల్లినదీ చేపే. శాకాహారులు ధైర్యంగా తినగలిగినవి అన్నం, పెరుగు, రొట్టె, పచ్చి కూరగాయ ముక్కలు, పండ్లు. ఫలహారం లేకుండా గది తీసుకుని, ఆ డబ్బుతో బయట ఏర్పాటు చేసుకోవడం మేలని మాంసాహారం ముట్టనివారికి నా సలహా.

ఆ ఏర్పాటు కష్టమేమీ కాదు. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే కన్వీనియన్స్ స్టోర్లలో వండిన తెల్లన్నం డబ్బాలు దొరుకుతాయి, అక్కడే వేడి చేసి ఇస్తారు. తియ్యదనం లేని పెరుగు కూడా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి ఉంటే రాత్రి భోజనం గడిచిపోతుంది. ఇంటి నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్ మాత్రం మోసుకుపోవద్దు. గదుల్లో వంటకు హోటళ్ళు ఒప్పుకోవు, పైగా జపాన్ కరెంటు 100 వోల్టులు కనుక మన 230 వోల్టుల కుక్కర్ సరిగా వేడెక్కదు. ఫోన్ ఛార్జర్లు పనిచేస్తాయి గాని, వాటికి రెండు బల్లపరుపు పుల్లలున్న అడాప్టర్ తప్పనిసరి.

ఇక పేట. తెల్లవారి ఆరు గంటలకు సెన్సోజి ఆలయం పక్కనున్న బెంతెన్ గుట్ట మీద గంట మోగుతుంది. 1692లో పోతపోసిన ఆ గంట పూర్వం ఎదో (టోక్యో పాత పేరు) నగరానికి సమయం చెప్పేది. ఆ గుట్ట మీది గుడిలో ఉన్న బెంజైతెన్ మన సరస్వతీదేవే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, అక్కడ సంగీతానికీ సంపదకూ దేవత అయింది. ఆ వేళకు ఆలయ ప్రాంగణంలో ఉండేది దణ్ణం పెట్టుకుని పనికి పోయే చుట్టుపక్కలవాళ్ళు, కుక్కను నడిపించే ముసలివాళ్ళు మాత్రమే. పది గంటలకు రైళ్ళలో వచ్చి దిగే జనానికి ఈ దృశ్యం దొరకదు. అసకుసలోనే బస చేయాలని నేను పట్టుబట్టి చెప్పడానికి మొదటి కారణం ఇదే.

సెన్సోజి టోక్యోలోకెల్లా పాతది. 628లో సుమిద నదిలో వల వేసిన అన్నదమ్ములిద్దరికి కన్నోన్ విగ్రహం, అంటే అవలోకితేశ్వరుడి మూర్తి, దొరికిందని ఆలయ గాథ. ఆ మూర్తిని ఎవరికీ చూపరు. ఇప్పుడు కనబడే ప్రధాన మందిరం మాత్రం పాతది కాదు. 1945 మార్చి 10 నాటి బాంబుదాడిలో కాలిపోతే, 1958లో కాంక్రీటుతో మళ్ళీ కట్టారు. ఆలయానికి దారితీసే వీధి మొదట్లోని కమినరిమోన్ ద్వారం కథా అంతే. 1865లో కాలిపోయాక దాదాపు శతాబ్దం పాటు అక్కడ ద్వారమే లేదు. పానాసోనిక్ సంస్థాపకుడు మత్సుషిత కోనోసుకే విరాళంతో 1960లో లేచింది. దానికి వేలాడే ఎర్ర లాంతరు 3.9 మీటర్ల ఎత్తు, 700 కిలోల బరువు. దాని ముందు నిలబడి ఫొటో తీసుకుని అందరూ వెళ్ళిపోతారు గాని, కిందికి వెళ్ళి తల ఎత్తి చూస్తే లాంతరు అడుగున చెక్కిన డ్రాగన్ కనబడుతుంది.

ద్వారం నుంచి ఆలయం దాకా ఉన్న నకమిసే అంగళ్ళ వీధి పగటిపూట ఊపిరాడనివ్వదు, అక్కడ సరుకూ చాలావరకు యాత్రికుల కోసం చేసిందే. నేనైతే అక్కడ ఎక్కువ సమయం గడపమని చెప్పను. పేలాల బియ్యాన్ని పాకం పట్టి అచ్చులుగా కోసిన కమినరి ఒకోషి ఒక్కటి కొనుక్కుంటే చాలు, రుచికి మన మరమరాల ఉండకు దగ్గరి చుట్టం. ఆ వీధిని చూడవలసింది రాత్రి, అంగళ్ళు మూసేశాక. దించిన షట్టర్ల మీద పేటలోని పండుగలను, ఋతువులను బొమ్మలుగా వేశారు. మనుషులు పలచబడ్డాక దీపాల వెలుతురులో ఆ బొమ్మలు చూసుకుంటూ, ఐదంతస్తుల పగోడా దాకా నింపాదిగా నడవవచ్చు.

అసకుసలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన చోటు మత్సుచియామ షోదెన్. సెన్సోజి నుంచి నది వెంట ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే, ఇళ్ళ మధ్య చిన్న గుట్ట మీద ఉంటుంది. అక్కడి మూర్తి కాంగితెన్, అంటే మన వినాయకుడు. జపాన్‌లో ఈ దేవుణ్ణి ఎక్కువగా ఆలింగనం చేసుకున్న రెండు ఏనుగు తలల రూపాలుగా మలుస్తారు, కానీ విగ్రహం రహస్యం, భక్తులకు కనబడదు. కనబడేవి ముల్లంగులు. మెట్ల పక్క రాళ్ళ మీద, దీపస్తంభాల మీద జంట ముల్లంగులనూ డబ్బు సంచినీ చెక్కారు. ముల్లంగి ఆరోగ్యానికీ దాంపత్య సౌఖ్యానికీ, సంచి వ్యాపార వృద్ధికీ గుర్తులు. కౌంటర్‌లో నిజమైన తెల్ల ముల్లంగులే అమ్ముతారు. అమ్మ ఒకటి కొని, కొంగు భుజం మీదుగా కప్పుకుని, రెండు చేతులతో పట్టుకుని లోపలి పీట మీద మిగిలిన ముల్లంగుల వరుసలో పెట్టి, అలవాటు ప్రకారం నిలబడిన చోటే మూడు గుంజీళ్ళు తీశారు. పక్కనున్న జపానీయులు ఆశ్చర్యపోలేదు, ఆవిడకు చోటిచ్చి ఓపికగా నిలబడ్డారు. నైవేద్యమైన ముల్లంగులను తర్వాత భక్తులకే పంచిపెడతారు. గుట్ట ఎక్కలేనివారి కోసం చిన్న పట్టాల బండి కూడా ఉంది. ఏ పర్యాటక బస్సూ ఆగని ఈ గుడికి మన తెలుగువాళ్ళు తప్పక వెళ్ళాలి.

హోటల్‌కు మరో వైపున కప్పబాషి వీధి ఉంది. దాదాపు 800 మీటర్ల పొడవునా హోటళ్ళకూ వంటశాలలకూ కావలసిన సామాను అమ్మే అంగళ్ళే. రెస్టారెంట్ల అద్దాల బీరువాల్లో పెట్టే నకిలీ వంటకాలు, కర్ర గరిటెలు, పింగాణీ గిన్నెలు, ముఖ్యంగా చాకులు. కొన్ని కొట్లలో కొన్న చాకు మీద పేరు చెక్కి ఇస్తారు. చాకును విమానంలో చేతి సంచిలో పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఆదివారం చాలా అంగళ్ళు మూసి ఉంటాయి కాబట్టి మిగతా రోజుల్లో వెళ్ళాలి.

పైనుంచి పేటను చూడాలనుకునేవారు 634 మీటర్ల స్కైట్రీ టవర్‌కు టికెట్ కొనే ముందు, కమినరిమోన్ ఎదురుగా ఉన్న పర్యాటక సమాచార కేంద్రానికి వెళ్ళాలి. వాస్తుశిల్పి కుమ కెంగో రూపొందించగా 2012లో ప్రారంభమైన ఈ భవనం ఎనిమిదో అంతస్తు నుంచి ఆలయ వీధి మొత్తం, ఇంకో వైపు నది, స్కైట్రీ కనబడతాయి. ప్రవేశం ఉచితం. మోకాళ్ళ నొప్పులున్నవారికి లిఫ్ట్ ఉంది.

రాకపోకల సౌకర్యంలోనూ ఈ పేటకు మంచి మార్కులు వేయాలి. ఆసియాలో మొదటి భూగర్భ రైలు 1927 డిసెంబరు 30న నడిచింది అసకుస, ఉఎనో మధ్యనే. తవరామాచి అప్పటి నాలుగు స్టేషన్లలో ఒకటి. అక్కడ ఎక్కితే రెండో స్టేషన్ ఉఎనో. అక్కడి షినోబజు చెరువు మధ్య మరో సరస్వతి గుడి ఉంది, వేసవిలో చుట్టూ తామరలు పూస్తాయి. పాత స్టేషన్ల ద్వారాలు కొన్నిటికి మెట్లు తప్ప లిఫ్ట్ ఉండదు కాబట్టి, పెద్ద పెట్టెలున్న రోజున లిఫ్ట్ ఉన్న ద్వారమేదో హోటల్ కౌంటర్‌లో ముందే అడిగి తెలుసుకోవాలి. హనెద, నరిత విమానాశ్రయాలు రెండింటికీ అసకుస నుంచి మారకుండా పోయే రైళ్ళున్నాయి. ఉదయం పది గంటలకు గది ఖాళీ చేయాలి గాని, విమానం సాయంత్రమైతే సామాను మళ్ళీ కౌంటర్‌లోనే ఉంచి వెళ్ళవచ్చు, దానికి మా దగ్గర అదనంగా ఏమీ తీసుకోలేదు.